మేలు చేసిన బడిని ప్రశ్నించొచ్చా?

మిర్యాలగూడ దిక్కు, సాగర్ ఎడమ కాలువ కింది ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దని అడిగారు. వేయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు కూడా మార్చాను.

వాళ్లది క్యాథలిక్ కుటుంబం. ఎనిమిదేళ్ల కొడుకు సిస్టర్లు నడిపే ప్రైమరీ బడిలో మూడో తరగతి. భర్త అదే బడికి వ్యాన్ నడుపుతారు. అందుకని బాబుకు ఫీజు సగమే. కరోనా ఏడాది పని లేక ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ సిస్టర్లే బియ్యం, పప్పు పంపారట. "ఆ బడి మాకు అన్నం పెట్టింది" అని ఉత్తరం మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి రాశారు.

రెండో తరగతి దాకా బాబు బడికి ఉరికేవాడు. దసరా సెలవులయ్యాక మారిపోయాడు. ఆదివారం పొద్దుగూకేసరికి మొహం వాడిపోతుంది. సోమవారం లేస్తూనే "అమ్మా, కడుపుల నొస్తుంది, నేను పోను" అంటాడు. మూడేళ్లప్పుడే పక్క తడపడం మానేసినవాడు ఇప్పుడు వారంలో మూడు నాలుగు రాత్రులు తడుపుతున్నాడు. పొద్దున నింపి పంపిన నీళ్ల సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోంది. అత్తమ్మ "పోరడు నాటకాలు ఆడుతుండు" అంటారు. తడిసిన బొంతను వాకిట్లో గోడ మీద ఆరేస్తారు, సిగ్గుకైనా మానుతాడని.

సంగతి వ్యాన్‌లో వచ్చే పక్కింటి పాప వల్ల బయటపడింది. ఈ ఏడు వచ్చిన క్లాస్ టీచరమ్మ గంట కొడితే తప్ప పిల్లల్ని బయటికి పంపరు. ఒకరోజు లెక్కల పీరియడ్‌లో బాబు రెండుసార్లు చెయ్యెత్తాడు. కూర్చోమన్నారు. బెంచీ మీదే తడుపుకున్నాడు. వాణ్ని వరండాలో నిలబెట్టి "ఒకటో క్లాసు పిల్లలు నయం" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి వాడి పేరు "ఉచ్చలోడు". వ్యాన్‌లోనూ అదే పేరు. ఒకసారి తండ్రి అద్దంలో చూశారు, విన్నారు, ఏమీ అనకుండా బండి నడిపారు. ఆ మాట బాబే తల్లికి చెప్పాడు: "నాయినకు ఇనపడ్డది."

ఆ టీచరమ్మ అత్తమ్మకు చుట్టం. గుడిలో పాటలు పాడించేదీ, ఆదివారం పూజ అయ్యాక పిల్లలకు సత్యోపదేశం చెప్పేదీ ఆమే. వచ్చే వేసవిలో బాబు ప్రథమ దివ్యసత్ప్రసాదం (ఫస్ట్ కమ్యూనియన్) తీసుకోవాలి. వాడేమో గుడికి కూడా రానంటున్నాడు. క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరి వేషం ఇస్తే వద్దన్నాడు. హెచ్ఎం సిస్టర్ కేరళ నుంచి కొత్తగా వచ్చారు, తెలుగు అంతంతమాత్రం. వాట్సాప్ గ్రూప్‌లో కొందరు తల్లులు అందరం కలిసి పోదాం, యూట్యూబ్ చానల్ అతణ్ని పిలుద్దాం అంటున్నారు. భర్త "ఊకో, నా నౌకరి పోతది" అంటున్నారు. "ఊరుకోవాలా, అడగాలా, బడి మార్చాలా? అడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు కాదా?" అని ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరంలో నేను పదే పదే చదివింది నీళ్ల సీసా గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. నాటకమాడే పిల్లవాడు దాహం చంపుకోడు. మీ బాబు తనకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం పన్నాడు. తాగకపోతే పోవాల్సిన పని రాదు, పోవాల్సిన పని రాకపోతే అడగాల్సిన పని రాదు, అడగకపోతే నవ్వేవాళ్లుండరు. ఎనిమిదేళ్లవాడు ఒంటరిగా ఇంత లెక్క వేసుకున్నాడంటే వాడి భయం ఎంతుందో చూడండి. అత్తమ్మతో కూడా ముందు ఈ సీసా మాటే చెప్పండి.

బడి సంగతి తర్వాత. ముందు డాక్టరు. ఆరునెలలకు మించి పొడిగా పడుకున్న పిల్లలు మళ్లీ పక్క తడపడం మొదలుపెడితే డాక్టర్లు దాన్ని పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటులా చూడరు, కారణం వెతుకుతారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. మలబద్ధకం కావచ్చు. నీళ్లు తాగని పిల్లల్లో ఈ రెండూ తొందరగా వస్తాయి, కడుపునొప్పికి కూడా అవే కారణం కావచ్చు. అరుదుగా పిల్లల్లో వచ్చే షుగర్ ఇలాగే మొదలవుతుంది. బాబు బరువు తగ్గాడా, ఇంటికొచ్చాక చెంబులకు చెంబులు తాగుతున్నాడా గమనించి డాక్టరుకు చెప్పండి. ఈ రెండూ ఉంటే ఒక్కరోజు కూడా ఆగకుండా చూపించండి. మూత్ర పరీక్ష, వేలి నుంచి చుక్క రక్తంతో చేసే షుగర్ పరీక్ష చాలా చిన్న పనులు. మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రిలో గానీ, నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో గానీ పిల్లల డాక్టరుకు చూపించండి.

అవేవీ లేవని తేలినా, భయం ఒక్కటే కారణమైనా, ఇందులో శరీరం లెక్క ఒకటి ఉంది. ఎనిమిదేళ్ల పిల్లల మూత్రాశయంలో సుమారు 270 నుంచి 300 మిల్లీలీటర్లు పడుతుంది. రెండు మూడు గంటలకోసారి ఖాళీ చేయాల్సిందే. మీవాడు పగలంతా తాగడు, సాయంత్రం ఇంటికొచ్చి ఒక్కసారే తాగుతాడు. ఆ నీళ్లన్నీ రాత్రి నిద్రలోకి చేరతాయి. కాబట్టి రాత్రి పక్క తడవడం ఆగాలంటే పగలు బడిలో తాగాలి, పోవాలి. రాత్రి లేపడం, తిట్టడం, బొంత వాకిట్లో ఆరేయడం వీటితో అది ఆగదు. సిగ్గు పెరిగేకొద్దీ భయం పెరుగుతుంది, భయం పెరిగేకొద్దీ తడుస్తుంది.

బొంత ఇవ్వాళ్టి నుంచే మేడ మీదో, వెనక దొడ్లోనో ఆరేయండి. అత్తమ్మకు మీరు చెబితే అది కోడలి మాట అవుతుంది. ఆమెను కూడా ఆసుపత్రికి తోలుకపోండి, డాక్టరు నోటితోనే విననివ్వండి. మనవడి మీద ఆమెకు ప్రేమ లేక కాదు. ఆమె ఎరిగిన పద్ధతి అది. డాక్టరమ్మ "అవ్వా, వానికి పగటిపూట నీళ్లు తాపియ్యాలె" అంటే రేపటి నుంచి సీసా ఖాళీ అయిందో లేదో చూసేది ఆమే అవుతుంది.

ఇంకొకటి. డాక్టరును ఒక చీటీ అడగండి: బాబు రెండు గంటలకోసారి మూత్రానికి పోవాలి, బడిలో నీళ్లు తాగాలి అని. రెండు లైన్లు చాలు. ఆ చీటీ చేతిలో ఉంటే మీరు బడికి పోయేది టీచరమ్మ మీద చాడీలు చెప్పడానికి కాదు, పిల్లవాడి ఆరోగ్యం గురించి. మీ ఆయనకు కూడా అలా పోవడం మింగుడుపడుతుంది.

ఇక మీ ఆయన గురించి. ఆయన మీద కోపం మీ ఉత్తరంలో ఎక్కడా మాటల్లో లేదు గానీ, "నాయినకు ఇనపడ్డది" అన్న మాట రాశాక మీరు ఆ పేజీ అక్కడే ఆపేశారు. నేనూ అక్కడే ఆగాను. టీచరమ్మ నవ్వించిన దానికంటే తండ్రి ఊరుకున్నది బాబును ఎక్కువ కోసి ఉంటుంది. ఆయన ఎందుకు ఊరుకున్నారో మీకూ తెలుసు, నాకూ అర్థమవుతుంది. ప్రైవేటు బళ్లలో డ్రైవర్లకు చాలామందికి అపాయింట్‌మెంట్ కాగితం కూడా ఉండదు. రేపటి నుంచి రావొద్దంటే అంతే. ఆ భయాన్ని పిరికితనం అనకండి. ఇంటిల్లిపాదికీ తిండి పెట్టే మనిషి భయం అది.

కానీ ఆ వ్యాన్‌లో పెద్దమనిషి ఆయనే. అక్కడ ఎవర్నీ అడగాల్సిన పని లేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయాల్సిన పని లేదు. ఏ డ్రైవరైనా పిల్లలు కిటికీలోంచి చేతులు బయట పెడితే గదమాయిస్తాడు. అలాగే బండి ఒక పక్కకు ఆపి, వెనక్కి తిరిగి, "నా బండ్ల ఎవర్ని ఎవరూ పేర్లు పెట్టి పిలవద్దు. పిలిస్తే ముందు సీట్ల నా పక్కన కూసోవాలె" అంటే చాలు. కొడుకు పేరు ఎత్తక్కర్లేదు. పిల్లలందరికీ చెప్పినట్టే చెప్పాలి. ఈ మాటతో ఆయన నౌకరి పోదు. బాబు మాత్రం ఆ సాయంత్రం తండ్రిని వేరేగా చూస్తాడు. వీలైతే రాత్రి అన్నం తినేటప్పుడు ఆయనే వాడితో "ఆ దినం నేను ఇన్నరా. అప్పుడే అనాల్సుండె" అని ఒక్క ముక్క అనాలి. ఎక్కువ మాట్లాడొద్దు. ఈ పని నేను చెప్పే మిగతా అన్నిటికంటే ముందు జరగాలని నా కోరిక.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. అడిగితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టవుతుందా అన్నారు. ఆ సిస్టర్లు చేసిన మేలు చిన్నది కాదు. నల్లగొండ మేత్రాసనం, అంటే బిషప్‌గారి పాలనలోని ప్రాంతం, 1976లో ఏర్పడింది. అంతకు ముందు నుంచే ఈ జిల్లాల్లో మిషన్ బళ్లు, హాస్టళ్లు, ఆసుపత్రులు పనిచేశాయి. ఊరి బడిలో వెనక కూర్చోబెట్టిన కుటుంబాల పిల్లలు అక్కడ ముందు బెంచీలో కూర్చుని చదువుకున్నారు. మీ ఇంట్లో ఆ కృతజ్ఞత ఉండటం సహజం, ఉండాలి కూడా. కానీ ఆ బాకీ మీదీ, మీ ఆయనదీ. ఎనిమిదేళ్లవాడు తన మూత్రం బిగబట్టి తీర్చాల్సిన బాకీ కాదు అది. పైగా ఆ బడి ఏ ఉద్దేశంతో పెట్టారో ఆ ఉద్దేశానికి మీరు అడగబోయేది విరుద్ధం కాదు. పేద పిల్లల కోసం బళ్లు, హాస్టళ్లు నడిపిన ఇటలీ గురువు డాన్ బోస్కో 1884లో రోమ్ నుంచి తన వాళ్లకు ఒక ఉత్తరం రాశారు. పిల్లల్ని ప్రేమిస్తే చాలదు, తమను ప్రేమిస్తున్నారని ఆ పిల్లలకు తెలియాలి అన్నది అందులోని సారం. ఏ సభ సిస్టర్‌కైనా ఆ మాట కొత్త కాదు. మీరు వాసాలు లెక్కపెట్టడం లేదు, ఇల్లు కురుస్తున్న చోటు చూపిస్తున్నారు.

మరి ఎవరిని అడగాలి? మామూలుగా అయితే ముందు టీచర్‌తో మాట్లాడండి అంటాను. మీ విషయంలో వెనకాడుతున్నాను. ఆమె చుట్టం. ఇంట్లో మాట మొదలైతే అత్తమ్మ చాయ్ పెడతారు, "మన పిల్లగాడే గదా" అనుకుంటారు, లేచిపోతారు. బడిలో ఏమీ మారదు, పైగా "ఇంటికి పిలిచి అడిగిన్రు" అన్న మాట మిగులుతుంది. ఆమె మనసు మెత్తనిదని మీకు గట్టిగా నమ్మకం ఉంటే ఆ దారి కూడా పనికొస్తుంది, కాదనను. నాకైతే ముందు హెచ్ఎం సిస్టర్‌ను కలవడం, అదే రోజు టీచరమ్మకు కూడా "సిస్టర్‌గారితో బాబు ఆరోగ్యం గురించి మాట్లాడిన, మీకు తెలియాలని చెప్తున్న" అని మర్యాదగా చెప్పడం మేలనిపిస్తోంది. అలా చేస్తే వెనక మాట్లాడారన్న నింద ఉండదు.

మీ ఆయన కూడా రావాలా? ఆయన వస్తే బాబుకు, మీకు బలం. కానీ ఆయన అక్కడ తండ్రిగా కూర్చున్నా ఉద్యోగిలా మాట్లాడతారు, మీ మాటను మధ్యలోనే మెత్తబరుస్తారు. మీరు ఒక్కరే పోతే మాట సూటిగా సాగుతుంది, కానీ తర్వాత ఎవరైనా ఆయన్ను "మీ ఇంటామె వచ్చింది" అని అడిగితే ఆయన తడబడకూడదు. అందుకే ఆయనే ముందురోజు సిస్టర్‌తో "మా ఇంటామె బాబు ఆరోగ్యం గురించి కలుస్తదట, టైం ఇయ్యండి" అని అడిగితే రెండు విధాలా మంచిది. పొద్దున ప్రేయర్ టైంలోనో, గేటు దగ్గరో వద్దు. బడి వదిలాక, కూర్చుని మాట్లాడే వీలున్నప్పుడు పోండి. బాబును ఆ గదిలోకి తీసుకెళ్లొద్దు. వాడి గురించి వాడి ముందే పెద్దలు మాట్లాడుకుంటే వరండాలో నిలబడ్డ రోజే మళ్లీ వచ్చినట్టు ఉంటుంది.

సిస్టర్‌కు తెలుగు సరిగా రాదన్నారు కాబట్టి నోటి మాట మీద ఆధారపడకండి. అర పేజీ రాసి ఇవ్వండి. కాన్వెంట్‌లో తెలుగు సిస్టర్ ఎవరైనా ఉంటే ఆమెను పక్కన కూర్చోమనండి. ఇలా రాయొచ్చు:

"సిస్టర్‌గారికి నమస్కారం. మా బాబు మూడో తరగతి. దసరా సెలవుల తర్వాత నుంచి బడిలో నీళ్లు తాగడం లేదు, మూత్రం ఆపుకుంటున్నాడు, రాత్రి పక్క తడుపుతున్నాడు. డాక్టరు చీటీ జతచేశాను. క్లాసులో ఒకరోజు అడిగినా పంపకపోవడంతో తడుపుకున్నాడు. వరండాలో నిలబెట్టారు. అప్పటి నుంచి పిల్లలు పేరు పెట్టి ఎగతాళి చేస్తున్నారు. నేను కోరేవి మూడు. అడిగినప్పుడు బయటికి పంపాలి. ఆ పేరుతో పిలవడం ఆపించాలి. జరిగినదాన్ని క్లాసులో మళ్లీ ఎత్తకూడదు. మీరు, ఈ బడి మా కుటుంబానికి చేసిన మేలు మేం మరువం. పదిహేను రోజుల తర్వాత వచ్చి కలుస్తాను."

టీచరమ్మ పేరు రాయాల్సిన పని లేదు, సిస్టర్‌కు తెలుస్తుంది. తేదీ వేయండి, ఇచ్చే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. పదిహేను రోజుల మాట మాత్రం వదలొద్దు. "చూస్తాం" అన్న మాటకు గడువు అదే.

టీచరమ్మ గురించి కూడా ఒక మాట. క్లాసులో ఎంతమంది ఉన్నారో మీరు రాయలేదు. చాలా ప్రైవేటు బళ్లలో ఒక్కో సెక్షన్‌లో యాభై మంది దాకా ఉంటారు, ఒక్క ఆయమ్మ, దూరంగా బాత్రూంలు. ఒకరిని పంపితే పదిమంది లేస్తారు. గంట కొడితేనే అన్న రూలు అలా పుడుతుంది. కష్టం నిజమే. వరండాలో నిలబెట్టి నవ్వించడం మాత్రం ఆ కష్టంలోంచి పుట్టింది కాదు, అది తప్పే. అయినా క్లాసు ముందు ఆమె క్షమాపణ చెప్పాలని పట్టుబట్టకండి. ఆ రోజు సంగతి మళ్లీ నలభై నోళ్లలో నానుతుంది. దానికి బదులు సిస్టర్‌తో ఒక ఏర్పాటు మాట్లాడండి. టీచర్ టేబుల్ మీద ఒక అట్టముక్క ఉంటుంది, పోవాల్సిన పిల్లలు అది తీసుకుని పోతారు, వచ్చాక అక్కడే పెడతారు. చెయ్యెత్తి అడిగే పనే లేదు. ఒకేసారి ఒక్కరే పోతారు కాబట్టి టీచర్‌కూ సుఖం. అది మీ బాబు ఒక్కడికే కాకుండా క్లాసందరికీ పెట్టాలి, లేకపోతే వాడికి ఇంకో పేరు వస్తుంది. నోటుబుక్కులు పంచడమో, బోర్డు తుడవడమో టీచరమ్మ వాడికి ఒక పని అప్పగిస్తే మరీ మంచిది. మూడో తరగతి పిల్లలు టీచర్ మొహం చూసి నవ్వుతారు, టీచర్ మొహం చూసే నవ్వు మానుతారు.

వాట్సాప్ తల్లుల కోపం న్యాయమైనదే. వాళ్ల పిల్లలూ గంట దాకా బిగబట్టుకుని కూర్చుంటున్నారు. బాత్రూం రూలు మార్చమని నలుగురైదుగురు తల్లులు కలిసి పేరెంట్స్ మీటింగ్‌లో అడిగితే నేను సంతోషిస్తాను. అది అందరి విషయం. మీ బాబుకు జరిగింది మాత్రం గ్రూప్‌లో రాయకండి. ఒకసారి రాశాక అది ఎన్ని ఫోన్లలోకి పోతుందో మీ చేతుల్లో ఉండదు. యూట్యూబ్ అతణ్ని పిలవడం గురించి నా మాట ఇంకా గట్టిది: వద్దు. ఊళ్లో ఇప్పుడు ముప్పై మందికి తెలిసిన పేరు జిల్లా అంతా తిరుగుతుంది, వాడు పదో తరగతికి వచ్చినా ఆ వీడియో ఉంటుంది. వేధింపుకు గురైన పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ నిషేధిస్తుంది కూడా. పైగా సిస్టర్ల బడి అనగానే బాత్రూం సంగతి పక్కకు పోయి మతం సంగతి ముందుకొస్తుంది. 2024 ఏప్రిల్‌లో మంచిర్యాల జిల్లాలో పిల్లల హనుమాన్ దీక్ష దుస్తుల గురించి మొదలైన మాట వీడియోగా తిరిగి, ఒక క్యాథలిక్ బడి మీద గుంపు దాడి దాకా పోయింది. అలాంటి గొడవలో మీ బాబు సీసా ఎవరికీ గుర్తుండదు.

సిస్టర్ పట్టించుకోకపోతే? అప్పుడు బడి కరస్పాండెంట్ ఉంటారు, ఆ సిస్టర్ల సభకు ప్రొవిన్షియల్ అనే పై అధికారి ఉంటారు. అదే అర పేజీ వాళ్లకు పంపండి. అక్కడా కదలిక లేకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారి (డీఈఓ). పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. చట్టం సంగతి మీకు తెలిసి ఉండాలి కాబట్టి చెబుతున్నాను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, ఎవరైనా ఆ మాట మీతో అనొచ్చు. కానీ బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్‌కు ఏ బడి అన్న తేడా లేదు. తన సంరక్షణలో ఉన్న బిడ్డకు అనవసరమైన శారీరక, మానసిక బాధ కలిగించేలా ప్రవర్తించడం ఎవరు చేసినా నేరమే. ఇది మొదటి రోజు సిస్టర్ టేబుల్ మీద పెట్టాల్సిన మాట కాదు. పెట్టారా, అక్కడి నుంచి మాట్లాడేది సిస్టర్ కాదు, లాయరు. అయితే టీచర్ చెయ్యి చేసుకున్నా, మీరు అడిగినందుకు బాబును ఇంకా బాధపెట్టినా ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోవద్దు, వెంటనే 1098కి చెప్పండి.

బడి మార్చడం గురించి. మార్చొచ్చు. 2022-23 నుంచి ప్రభుత్వ బళ్లలోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం ఉంది, ఫీజు లేదు, మధ్యాహ్నం భోజనం ఉంది. ప్రభుత్వ బడిలో చేరడానికి టీసీ ఆలస్యమైందన్న కారణం అడ్డు కాదు. మీ ఊరి బడిలో మంచి టీచరుంటే అది వెనకడుగు కాదు. కానీ ఇప్పుడే, ఏమీ అడగకుండా మారిస్తే బాబు "నా వల్ల బడి మారిన్రు" అనుకుంటాడు. అదే ఊరు, అవే పిల్లలు సాయంత్రం ఆటల్లో కలుస్తారు, ఆ పేరు వాడి వెంటే వస్తుంది. ముందు అడిగి, సంక్రాంతి సెలవుల దాకా చూసి, మార్పు లేకపోతే జూన్‌లో మారిస్తే అప్పుడు వాడికి ఇంకో సంగతి తెలిసి ఉంటుంది, అమ్మానాయిన అడిగారని. ఒకవేళ ఈలోగా వాడు తిండి మానేసినా, చచ్చిపోతానన్న మాట ఎత్తినా, జూన్ దాకా ఆగొద్దు. వెంటనే మానిపించి డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఊరుకోవడం కూడా ఒక దారే అని మీ ఆయన అంటున్నారు. ఊరుకుంటే ఈ ఏడాది గడిచిపోవచ్చు, నాలుగో తరగతిలో టీచర్ మారతారు. కొందరు పిల్లలు అలా గట్టెక్కుతారు కూడా. కానీ ఏప్రిల్ దాకా రోజూ ఆరేడు గంటలు నీళ్లు తాగకుండా కూర్చోవడం ఎండాకాలంలో ఎలా ఉంటుందో నల్లగొండ వాళ్లకు నేను చెప్పాలా? ఈ దారిని నేను మీకు ఇవ్వలేను.

చివరిగా గుడి. దీని గురించి మీరు తక్కువ రాశారు గానీ భయం ఇక్కడే ఎక్కువగా కనిపించింది. వాడు దేవుడికి దూరమవుతున్నాడని అనుకోకండి. వాడు తప్పించుకుంటున్నది ఆ టీచరమ్మను. బడిలో ఐదారు రోజులు, ఏడో రోజు గుడిలో కూడా ఆమే ఎదురైతే వాడికి విడుపు ఎక్కడ? విచారణ గురువుల (మీ గుడి ఫాదర్) దగ్గరికి వెళ్లి, బాబును వేరేవాళ్లు చెప్పే గుంపులోకి మార్చమని అడగండి. కారణం అంతా చెప్పక్కర్లేదు, "క్లాస్ టీచర్ దగ్గరే ఆదివారం కూడా అంటే బిగుసుకుపోతున్నాడు" అంటే చాలు. వేరే గుంపు లేకపోతే ఊళ్లో ప్రార్థనలు నేర్పే ఉపదేశి గానీ, సిస్టర్ ఒకరు గానీ, కొన్నాళ్లు మీరే గానీ ఇంట్లో ప్రార్థనలు నేర్పొచ్చా అని అడగండి. పదో పయస్ పాపుగారు 1910లో ప్రథమ సత్ప్రసాదానికి వివేకం వచ్చే వయసు, అంటే ఏడేళ్ల ప్రాంతం, చాలన్నారు. అంతకంటే ఒకటి రెండేళ్లు ఆలస్యంగా తీసుకునే పిల్లలు మన విచారణల్లో ఎప్పుడూ ఉన్నారు. ఈ వేసవి కాకపోతే వచ్చే వేసవి. చుట్టాలు అడిగితే ఆరోగ్యం బాగలేక అని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు.

గొర్రెల కాపరి వేషం వద్దంటే వద్దు. స్టేజీ ఎక్కించే తొందర ఎవరికీ అక్కర్లేదు. ముందు మూత్ర పరీక్ష చేయించండి, మీ ఆయనతో వ్యాన్ సంగతి మాట్లాడండి. సిస్టర్‌ను కలిశాక ఆమె ఏమన్నారో రాయండి. పదిహేను రోజుల గడువులో ఎక్కడ చిక్కుపడ్డా అప్పుడే రాయండి, ఆ తర్వాతి మెట్టు ఏదో చూద్దాం.